జస్టిన్ (తత్త్వవేత్త)

జస్టిన్ (సుమారు క్రీ.శ. 100 - 165) గ్రీకు తత్త్వశాస్త్రాన్ని అభ్యసించి, తరువాత దానిని విమర్శించిన తొలి క్రైస్తవ రచయితలలో ముఖ్యుడు. పాలస్తీనాలోని ఫ్లావియా నియాపొలిస్ (నేటి నాబ్లుస్) ఇతని జన్మస్థలం.

జ్ఞానాన్వేషణ

"ట్రైఫోతో సంవాదము" అనే గ్రంథంలో జస్టిన్ తన అన్వేషణను వివరించాడు. స్టోయిక్ గురువు దైవజ్ఞానం అనవసరమన్నాడు. అరిస్టాటిల్ అనుయాయి కొద్ది రోజులకే రుసుము అడిగాడు. పైథాగరస్ అనుయాయి ముందు సంగీతం, ఖగోళం, జ్యామితి నేర్చి రమ్మన్నాడు. ప్లేటో బోధలలో తృప్తి పొందుతున్న కాలంలో, సముద్రతీరాన ఒక వృద్ధుడు ఎదురై, ప్రవక్తలు తర్కంతో కాక దైవప్రేరణతో సత్యాన్ని దర్శించి చెప్పారని బోధించాడు.

విమర్శ

తత్త్వవేత్తల పరస్పర వైరుధ్యమే వారి జ్ఞానం అసంపూర్ణమనడానికి నిదర్శనమని జస్టిన్ వాదం. అయితే దైవవాక్కు (లోగోస్) బీజరూపంలో మానవులందరిలో ఉందని, సోక్రటీసు దానిని అనుసరించే జీవించాడని అంగీకరించాడు. ఇతని శిష్యుడు టాటియన్ మాత్రం గ్రీకు విద్యను తీవ్రంగా నిరసించాడు.

మరణం

జస్టిన్ తత్త్వవేత్తల అంగీని విడువకుండానే రోములో బోధించాడు. దేవతలకు బలి అర్పించడానికి నిరాకరించినందున సుమారు 165లో అతనికి శిరశ్ఛేదం జరిగింది. తీర్పు చెప్పిన నగరాధికారి రస్టికస్ కూడా తత్త్వవేత్తయే. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు స్టోయిక్ తత్త్వం బోధించిన గురువు.