రోడ్డు పనుల జాబితాకు కొలతలే గీటురాయి

బాలాపూర్: లడ్డూ వేలంపాటతో తెలుగువారందరికీ తెలిసిన బాలాపూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరిన వాహనం కొద్దిదూరంలోనే పలువురు యజమానుల రోడ్లను దాటుతుంది. కాలనీ వీధి పురపాలకులది. శ్రీశైలం దారి జాతీయ రహదారి. తుక్కుగూడ వద్ద ఎదురయ్యే 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు హెచ్‌ఎండీఏ నిర్మించినది. దాని టోల్ వసూలు, నిర్వహణ బాధ్యతలు 2023లో రూ.7,380 కోట్లకు 30 ఏళ్లపాటు ఐఆర్‌బీ సంస్థకు దక్కాయి. ప్రయాణికునికి ఇదంతా ఒకే దారి. నిర్వహణ లెక్కల్లో మాత్రం దేని జాబితా దానిదే.

ఏటా తయారయ్యే ఆ జాబితాల్లో ఒక రోడ్డు ఎందుకు చేరింది, పక్కదెందుకు మిగిలిపోయింది అన్న ప్రశ్నకు జవాబు రోడ్ల స్థితిగతుల కొలతల్లో దొరకాలి. 2016 అక్టోబరులో సరూర్‌నగర్ మండలం నుంచి విడివడి బాలాపూర్ మండలం ఏర్పడింది. 2025 డిసెంబరులో బడంగ్‌పేట, జల్‌పల్లి, తుక్కుగూడ, శంషాబాద్ సహా 27 పట్టణ స్థానిక సంస్థలు జీహెచ్‌ఎంసీలో విలీనమయ్యాయి. పాలన హద్దులు మారినప్పుడల్లా పాత దస్త్రాలు ఒకచోట, కొత్త అధికారులు మరొకచోట ఉంటారు. ఏ రోడ్డుకు ఎప్పుడు తారు వేశారో, గుత్తేదారు పూచీ గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలిపే పట్టిక లేకపోతే కొత్త జాబితా జ్ఞాపకాల మీద, సిఫార్సుల మీద ఆధారపడక తప్పదు.

కొలిచేది ఇలా

అన్నిటికంటే సులువైనది వాహన వేగ పరీక్ష. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. వాహనం సాఫీగా గంటకు 40 కి.మీ.కు మించి వెళ్లగలిగితే 5, 30-40 మధ్య అయితే 4, 20-30 అయితే 3, 10-20 అయితే 2, అంతకంటే తక్కువైతే 1. ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు.

ప్రధాన రోడ్లకు ఇది చాలదు. వాటిమీద గతుకులను బంప్ ఇంటిగ్రేటర్‌తో కిలోమీటరుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2004 నాటి ప్రమాణం ప్రకారం బిటుమినస్ కాంక్రీటు పొర ఉన్న రోడ్డుకు 2,000 లోపు వస్తే బాగున్నట్టు, 3,000 దాటితే పాడైనట్టు. అంతర్జాతీయంగా వాడే గతుకుల సూచిక 1982లో బ్రెజిల్‌లో జరిపిన ప్రయోగాల నుంచి వచ్చింది. జాతీయ రహదారుల మీద లేజర్లు, కెమెరాలు అమర్చిన సర్వే వాహనాలు గతుకులను, పగుళ్లను, చక్రాల చాళ్లను ఒకే ప్రయాణంలో నమోదు చేస్తున్నాయి.

పైకి కనిపించనిది పునాది బలం. దీన్ని తెలుసుకునేందుకు వెనుక ఇరుసుపై 8,170 కిలోల బరువున్న లారీని నిలిపి, రోడ్డు ఎంత కుంగి తిరిగి లేస్తుందో బెంకెల్‌మన్ బీమ్‌తో కొలుస్తారు. ఈ పరీక్ష జరగకుండా పైపొర మాత్రమే మార్చిన రోడ్డు నునుపుగా కనిపిస్తుంది గానీ, అడుగున బలం లేనప్పుడు ఆ నునుపు ఎంతోకాలం నిలవదు.

జాబితాను సరిచూడటం

సమీక్షలో అసలు పని ఒకటే. రోడ్డును వంద మీటర్ల ముక్కలుగానో, కిలోమీటరు లెక్కనో విభజించి, ఒక్కో ముక్క స్థితిని, దానికి ప్రతిపాదించిన పనిని పక్కపక్కన పెట్టి చూడాలి. పాడైనా జాబితాకెక్కని ముక్కలు వెంటనే బయటపడతాయి. బాగున్నా జాబితాలో చేరిన ముక్కలూ కనిపిస్తాయి. వీటిని చూడగానే తప్పు పట్టనక్కరలేదు. తాగునీటి గొట్టాల కోసం తవ్వి ఉండవచ్చు, వాహనాల రద్దీ పెరిగి ఉండవచ్చు. అయితే ఆ కారణం పట్టికలో రాసి ఉండాలి.

అందరి చూపూ తప్పించుకునేవి మధ్యస్థంగా ఉన్న రోడ్లు. సన్నని పగుళ్లు పడి ఇంకా నడుస్తున్న రోడ్డుకు సకాలంలో పలుచని పూత చాలు. దాన్ని వదిలేస్తే నీరు పగుళ్లలోంచి కంకర పొరకు చేరి, చివరకు మొత్తం తవ్వి కొత్తగా వేయవలసి వస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల రోడ్లపై ప్రపంచ బ్యాంకు 1988లో వెలువరించిన నివేదిక ఇదే చెప్పింది. 1,200 కోట్ల డాలర్లతో ముందుగా నిర్వహణ చేసి ఉంటే 4,500 కోట్ల డాలర్ల నష్టం తప్పేదని అందులో లెక్క కట్టారు. అయినా గోతిలో తారు పోస్తే పదిమందీ మెచ్చుకుంటారు, పగులు పూడిస్తే ఎవరూ గమనించరు. నిమజ్జన ఊరేగింపు దారులకు పండుగకు ముందు చేసే మరమ్మతులు అవసరమైనవే గానీ, వాటిని ఏడాది నిర్వహణగా లెక్కించరాదు.

ఈ ప్రాంతానికి పట్టికలో మురుగు, వరద నీటి గడి కూడా తప్పనిసరి. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువన హఫీజ్‌బాబానగర్ నీట మునిగింది. చెరువుల వరుస ఉన్న చోట నీటికి దారి చూపకుండా తారు వేయడమంటే ఆ ఖర్చును మళ్లీ పెట్టడానికి సిద్ధపడటమే.

నగరం చేసిన ప్రయత్నం

2019-20లో జీహెచ్‌ఎంసీ సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం కింద 709 కి.మీ. ప్రధాన రోడ్లను రూ.1,839 కోట్లతో ఐదేళ్లపాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించింది. మొదటి ఏడాది 50 శాతం, రెండో ఏడాది 30, మూడో ఏడాది 20 శాతం రోడ్లకు కొత్త పొర వేయాలన్నది షరతు. గుంతల పూడ్పు నుంచి ఇతర శాఖలు తవ్వినచోట పునరుద్ధరణ దాకా ఒకే ఏజెన్సీ బాధ్యత కావడం ఇందులో మెచ్చదగిన అంశం. అయితే మొదటి సగంలో ఏ రోడ్లు రావాలో శాతాల లెక్క చెప్పదు. అది కొలతలు చెప్పవలసిన మాట. అప్పట్లో బాలాపూర్ జీహెచ్‌ఎంసీ పరిధిలో లేనందున ఈ కార్యక్రమంలోకి రాలేదు.

రాష్ట్ర రహదారుల విషయంలోనూ ఈ ఆలోచన కొత్త కాదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన 32 కోట్ల డాలర్ల రోడ్ల ప్రాజెక్టులో పనితీరు ఆధారిత దీర్ఘకాల నిర్వహణ ఒప్పందాలు ఉన్నాయి. గ్రామీణ రోడ్లకు ఈ-మార్గ్ పద్ధతిలో, పనులు పూర్తయిన ఐదేళ్ల వరకు తనిఖీలో తేలిన స్థితిని బట్టే గుత్తేదారుకు నిర్వహణ బిల్లు చెల్లిస్తారు.

పౌరులు అడగదగినవి

తమ వీధికి సంబంధించి చివరి సర్వే తేదీ, అప్పటి మార్కు, ప్రతిపాదించిన పని, గుత్తేదారు పూచీ గడువు వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా కోరవచ్చు. పని ముగిశాక అదే ముక్కను అదే పద్ధతిలో మళ్లీ కొలిచారా అన్నదీ అడగాలి. ముందు, తరువాత అంకెలు రెండూ ఉంటేనే ఖర్చుకు ఫలితం దక్కిందో లేదో తేలుతుంది.

సర్వే కాలం కూడా ముఖ్యమే. నేల తడిసి బలహీనంగా ఉన్నప్పుడే పునాది లోపం బయటపడుతుంది కాబట్టి కుంగుబాటు పరీక్షను వానాకాలం ముగిసిన వెంటనే చేయాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచిస్తోంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కొలిస్తే ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం జాబితాకు ఆ అంకెలు అందుతాయి.