ఏపెక్స్ చెర్ట్: ఒక ఆధారంపై వివాదం

ఒక రాగి శాసనం మీ చేతికి వస్తే, లిపి చదవడానికి ముందే అది ఎక్కడ దొరికిందని అడుగుతారు. అక్షరమే లేని రాయి విషయంలోనూ ఈ ప్రశ్న తప్పదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో జరిగిన వివాదాన్ని చూడండి.

అక్కడ మార్బుల్ బార్ పట్టణానికి దగ్గరలో ఏపెక్స్ చెర్ట్ అనే శిల ఉన్నది. చెర్ట్ అంటే సిలికాతో ఏర్పడిన గట్టి రాయి. మన చెకుముకి రాయి వంటిది. దీని వయస్సు దాదాపు 346 కోట్ల సంవత్సరాలు. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం షాఫ్ ఈ రాయిని వెలుతురు చొరబడేంత పలుచగా కోయించి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. పూసల దండల వంటి నల్లని పోగులు కనిపించాయి. అవి 11 రకాల సూక్ష్మజీవుల శిలాజాలని 1993లో 'సైన్స్' పత్రికలో ప్రకటించాడు. వాటిలో కొన్ని సయనోబాక్టీరియా కావచ్చునన్నాడు. అదే నిజమైతే, భూమి ఏర్పడిన సుమారు 110 కోట్ల సంవత్సరాలకే ఆక్సిజన్‌ను విడుదల చేసే జీవులు ఉండి ఉండాలి. పాఠ్యపుస్తకాలు దీన్ని స్వీకరించాయి. నేనూ తరగతిలో సందేహించకుండా అలాగే చెప్పాను.

2002లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మార్టిన్ బ్రేసియర్ బృందం, లండన్ మ్యూజియంలో ఉన్న అవే నమూనాలను తిరిగి పరిశీలించింది. కొన్ని పోగులు జీవకణాలకు పొసగని రీతిలో కొమ్మలుగా చీలి, వంకరలు తిరిగి ఉన్నాయి. అంతకంటే బలమైన అభ్యంతరం క్షేత్ర పరిశీలనలో దొరికింది. నీటి ప్రవాహం చేర్చిన గులకరాళ్ల పొర అని షాఫ్ భావించిన రాయి, భూగర్భంలోని వేడినీరు ఎగదన్నిన పగులులో నిండిన సిలికా అని వారు వాదించారు. సూర్యరశ్మిపై బ్రతికే జీవి అక్కడ ఎలా ఉంటుంది?

అదే 'నేచర్' సంచికలో షాఫ్ కూడా రాశాడు. రామన్ వర్ణపటం ప్రకారం ఆ పోగులలోని కర్బనం జీవసంబంధమైనదేనన్నాడు. బ్రేసియర్ మరణానంతరం 2015లో వెలువడిన వ్యాసం, అవి కర్బనం అంటుకున్న ఖనిజ పలకల దొంతరలని చెప్పింది. 2017లో షాఫ్, జాన్ వ్యాలీ బృందం కర్బన ఐసోటోపుల కొలతలతో మళ్లీ జీవుల పక్షాన నిలిచింది. ఈసారి సయనోబాక్టీరియా ఊసు లేదు. మీథేన్‌ను తయారుచేసే, వినియోగించే సూక్ష్మజీవుల ప్రస్తావన వచ్చింది.

నాకు మాత్రం పిల్బరాలోనే ఉన్న స్ట్రెల్లీ పూల్ శిలల సాక్ష్యం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. అవి సుమారు 343 కోట్ల సంవత్సరాల నాటివి. సూక్ష్మజీవుల పొరలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఏర్పడే స్ట్రొమటోలైట్లు వాటిలో కిలోమీటర్ల పొడవున కనిపిస్తాయి. 2006లో అబిగైల్ ఆల్‌వుడ్ బృందం వీటిలో ఏడు రకాలను గుర్తించి, ఏ రకం లోతులేని సముద్రపు ఏ భాగంలో పెరిగిందో పొరల ఆధారంగానే చూపింది.