కార్బొరేటర్ మూసుకుపోవడం (చిన్న ఇంజన్లు)

పెట్రోలుతో నడిచే చిన్న ఇంజన్లకు తరచూ వచ్చే లోపం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వరి, పసుపు, మామిడి రైతులు వాడే పవర్ స్ప్రేయర్లు పంట కాలంలోనే పనిచేస్తాయి. మిగతా రోజులు మూలన ఉంటాయి. అప్పుడు కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురుగా మారి, జెట్ల సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమనూ పీల్చుకుంటుంది. ఇంధనం చాలక ఇంజన్ వేగం ఎగుడుదిగుడవుతుంది. వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే నడుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ చూశాక, పెట్రోలు కాక్ కట్టేసి, ఫ్లోట్ గిన్నె, జెట్లు విప్పి, క్లీనర్ చల్లి గాలి కొట్టాలి. ఇనుప తీగ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దూర్చకూడదు: ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. సీజన్ పని ముగిశాక ట్యాంకు ఖాళీచేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే ఈ రిపేరు చాలావరకు తప్పుతుంది.