ఎమ్మారై ఆధారిత ప్రొస్టేట్ బయాప్సీ

ప్రొస్టేట్ గ్రంథికి ముందుగా ఎమ్మారై తీసి, అందులో అనుమానం కలిగించిన చోటికే సూదిని గురిపెట్టి ముక్క తీసే పరీక్ష ఇది. రక్తంలో పీఎస్‌ఏ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్నా, వేలితో పరీక్షించినప్పుడు గ్రంథి గట్టిగా తగిలినా క్యాన్సర్ సంగతి తేల్చేది ముక్క పరీక్షే. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ సోకినా పీఎస్‌ఏ పెరుగుతుంది. ఆ అంకె ఒక్కదాన్నే చూసి బెంబేలెత్తనక్కర్లేదు.

1989లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు అల్ట్రాసౌండ్ సాయంతో గ్రంథిలో ఆరు చోట్ల నుంచి ముక్కలు తీసే పద్ధతిని ప్రకటించారు. తర్వాత అవి పది, పన్నెండయ్యాయి. అల్ట్రాసౌండ్‌లో గ్రంథి కనిపిస్తుంది గానీ కణితి చాలాసార్లు కనిపించదు. అందుకే గ్రంథి ముందు భాగంలో నక్కిన ముదురు కణితి తప్పించుకునేది, ప్రాణానికి ముప్పు లేని చిన్న క్యాన్సర్ సూదికి చిక్కేది. ఈ రెండో నష్టమూ తక్కువది కాదు. అవసరం లేని ఆపరేషనో రేడియేషనో చేయించుకుని, మూత్రం ఆపుకోలేక, అంగస్తంభన కోల్పోయి మిగిలిన జీవితం గడిపినవాళ్లున్నారు.

ఎమ్మారై చిత్రంలో గ్రంథి అంచు భాగం మామూలుగా తెల్లగా ఉంటుంది. కణితి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువుల కదలిక తగ్గడాన్ని మరో రకం చిత్రం పట్టిస్తుంది. వీటిని బట్టి రేడియాలజిస్టు ‘పై-రాడ్స్’ పద్ధతిలో 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 4, 5 వస్తే ముక్క తీయాల్సిందే. 1, 2 వస్తే సాధారణంగా ఆగవచ్చు. చిక్కంతా 3 దగ్గరే: అప్పుడు గ్రంథి పరిమాణంతో పోల్చి పీఎస్‌ఏ ఎంత ఉందో, కుటుంబంలో ఈ జబ్బు ఉందో లేదో చూస్తారు.

గురి కుదర్చడానికి మూడు దారులున్నాయి. ఎమ్మారైని మనసులో ఉంచుకుని అల్ట్రాసౌండ్ చూస్తూ సూది వేయడం ఒకటి. రెండు చిత్రాలనూ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పరిచే ఫ్యూజన్ మరొకటి. ఎమ్మారై యంత్రంలోనే సూది వేయడం మూడోది, అరుదు.

మత్తు సూది ఇచ్చాక స్ప్రింగు గన్ ‘టక్’మని శబ్దం చేస్తుంది, సేమ్యా పోగంత సన్నని ముక్క వస్తుంది. తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనిపించవచ్చు. సూదిని మలాశయం గుండా పంపితే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం గుండా పంపే పద్ధతికి ఆదరణ పెరగడానికి ఇదొక కారణం.

2018లో వెలువడిన ‘ప్రెసిషన్’ అధ్యయనంలో 500 మంది పాల్గొన్నారు. వారిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ముందుగా ఎమ్మారై తీశారు, మరో వర్గానికి పాత పద్ధతిలో ముక్కలు తీశారు. చికిత్స అవసరమయ్యే క్యాన్సర్ ఎమ్మారై వర్గంలో 38 శాతం మందిలో, పాత పద్ధతిలో 26 శాతం మందిలో బయటపడింది. ముప్పు లేని క్యాన్సర్ మాత్రం 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. ఎమ్మారై వర్గంలో నాలుగో వంతుకు పైగా మందికి సూదే అవసరపడలేదు.

అయితే ఎమ్మారైకి చిక్కని కణితులూ ఉంటాయి, చిత్రం చదివేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందుకే గురిపెట్టిన ముక్కలతో పాటు చుట్టుపక్కల నుంచి మరికొన్ని తీయడం చాలాచోట్ల వాడుక. పెథాలజిస్టు ముక్కను చూసి, క్యాన్సర్ తీవ్రతను తెలిపే గ్లీసన్ స్కోరు 6 అని, అంటే తీవ్రత తక్కువని తేలిస్తే, చాలామందికి వెంటనే చికిత్స చేయరు. పీఎస్‌ఏ, ఎమ్మారై, అవసరమైతే మళ్లీ బయాప్సీతో కనిపెట్టి ఉంటారు.