సత్రంలో వేణ్నీళ్ళు

మా ఊళ్ళో చలికాలమంటే కాగు కింద కొబ్బరిమట్టలు, కళ్ళనిండా పొగ. 2004 డిసెంబరులో సివిల్స్ పుస్తకాల మూటతో ఢిల్లీ బేర్ సరాయ్‌లో దిగాక గానీ వేణ్నీళ్ళ విలువ తెలిసిరాలేదు. సరాయ్ అంటే సత్రం. పేరుకు తగ్గట్టే ఎవరూ శాశ్వతం కాదు. రోడ్డు దాటితే జేఎన్‌యూ పాత క్యాంపస్, పక్కనే ఐఐటీ; సందుల్లో పాత పుస్తకాలు, జిరాక్సు షాపులు.

అప్పట్లో గదికో బకెట్టు, బకెట్టుకో 1500 వాట్ల రాడ్డు. గంట మరిచిపోతే యూనిట్టున్నర కరెంటు ఖర్చు. ముందు ప్లగ్గు పీకి, తర్వాతే నీళ్ళు ముట్టుకోవాలి: సీనియర్ అన్నలు నేర్పిన తొలి పాఠం అదే.

తర్వాతి గదిలో గీజరు, దానికో టైమరు. గుండ్రటి డయలు చుట్టూ 96 పళ్ళు, ఒక్కోటి పావుగంట. ఐదింటి దగ్గర రెండు పళ్ళు నొక్కి పడుకునేవాణ్ణి. రాత్రి గంటసేపు కరెంటు పోతే లోపలి మోటారూ ఆగేది. ఐదింటి నీళ్ళు ఆరింటికి కాగేవి.

మొన్న జనవరిలో అదే వీధిలో మా మేనల్లుడి గదికెళ్ళాను. టైమరు స్థానంలో 16 ఆంపియర్ల వైఫై ప్లగ్గు. టైము నెట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి, కరెంటు పోయినా లెక్క తప్పదు. 15 లీటర్లకు రెండు కిలోవాట్ల గీజరు, ఇరవై నిమిషాలు చాలు.

"లేవక ముందే నీళ్ళు రెడీ మామయ్యా" అన్నాడు, దుప్పట్లోంచి ఫోను చూపిస్తూ.

బీరువా మీద మాత్రం రాడ్డు ఉంది. "వైఫై పోతేనో?" అని నవ్వాడు.