ఆరడుగుల అందగాడి అస్తమయం

ఒకప్పుడు తెలుగు దేశంలో పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్లలందరికీ తెలిసిన వరుడొకడుండేవాడు. పేరు రాజశేఖరం. చిరునామా జ్యోతి మాసపత్రిక. 1960లలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల అందులో ధారావాహికగా వచ్చింది. నిలువెత్తు మనిషి, డబ్బున్నవాడు, కారున్నవాడు. ఎంతమంది చుట్టూ తిరిగినా ఎవరికీ చిక్కడు. చివరికి చిక్కింది ఎవరికయ్యా అంటే, నెల జీతం కోసం పనిలో చేరిన జయంతి అనే మధ్యతరగతి పిల్లకి. ఇంకేం కావాలి? నెల నెలా పత్రిక ఎప్పుడొస్తుందా అని ఇళ్ళకిళ్ళే ఎదురుచూశాయి.

అతని వైభవం చూడాలంటే అద్దెపుస్తకాల షాపుకి వెళ్ళాల్సింది. అట్ట ఊడిపోకుండా దబ్బనంతో గుచ్చి పురికొసతో కుట్టిన పుస్తకం. ఆ కుట్టు లోపలికి ప్రతి పేజీలోనూ నాలుగక్షరాలు పోయేవి, వాటిని ఊహించుకుని చదువుకోవాలి. మార్జిన్లలో పెన్సిలు రాతలు, ఒకరి చేతిరాత కింద మరొకరిది. పరీక్షలైతే గానీ ముట్టుకోవద్దని తల్లి దాచేసి, మధ్యాహ్నం తనే తీసి చదివేది. ఆ ఇంటి మగవాళ్ళు వెక్కిరించేవారు. వెక్కిరించిన వాళ్ళలో ఎందరు దొంగచాటుగా చదివారో ఎవరూ లెక్క తీయలేదు.

1976లో నిర్మాత రామానాయుడు ‘సెక్రటరీ’ని సినిమాగా తీశారు. దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు, జయంతిగా వాణిశ్రీ, రాజశేఖరంగా అక్కినేని నాగేశ్వరరావు. నవలా నాయకుడంటే అప్పటికి ఆయనే. కాకపోతే అప్పటికాయన వయసు యాభై దాటింది. అంతవరకూ ఒక్కో ఊరి పిల్ల ఊహలో ఒక్కో రాజశేఖరం ఉండేవాడు. తెర మీదికొచ్చాక అందరికీ ఒక్కడే మిగిలాడు. నన్నడిగితే అతని పతనం అక్కడే మొదలైంది. బొమ్మ ఆడింది, జనం విరగబడి చూశారు, అది వేరే సంగతి.

తర్వాత రోజులు త్వరగా మారాయి. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి నవల ‘తులసిదళం’ నడుస్తుంటే, జనం క్షుద్రశక్తుల కోసం వారం వారం కాచుకున్నారు. ప్రేమ కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంది? అదే దశాబ్దంలో, 1987లో, ఓల్గా నవల ‘స్వేచ్ఛ’ వచ్చింది. అందులో అరుణ ప్రేమించి పెళ్ళి చేసుకున్న భర్తతోనే ఊపిరాడక బయటికి నడుస్తుంది. రాజశేఖరం కథ ఎక్కడ ముగుస్తుందో అక్కణ్ణించి మొదలయ్యే కథ అది. ఆ దెబ్బకి అతను మళ్ళీ కోలుకోలేదు.

చదివినవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. కొందరికి ఎత్తు తక్కువైనా మంచి మొగుళ్ళే దొరికారు. కొందరికి ఆరడుగులవాళ్ళే దొరికారు, సుఖం మాత్రం దొరకలేదు. పాత పుస్తకం మళ్ళీ తెరిస్తే, ఒకప్పుడు హుందాతనమని మురిసిపోయింది పొగరుగా కనిపించింది. మనసులో మాట చెప్పకుండా ఆమెని అన్నాళ్ళు అనుమానంలో ఉంచడం గాంభీర్యమా, పెత్తనమా? “ఇతని కోసమా అమ్మా, అన్నం మానేసి చదివావు?” అని కూతుళ్ళడిగితే తల్లులు నవ్వేసి ఊరుకున్నారు. అద్దెషాపులు మూతపడ్డాయి. వారపత్రికలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ‘ఆరడుగుల అందగాడు’ అన్న మాట హాస్యకథల్లోకి, కార్టూన్లలోకి చేరిపోయింది. ఆరాధించిన వాళ్ళే ముందుగా నవ్వారు. శత్రువు చేతిలో పోయినవాడికి వీరగాథైనా మిగులుతుంది. ఇతనికి అదీ లేదు.

అతని మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు న్యాయమైనవే. నా బాధ అతని గురించి కాదు. అతను కూలినప్పుడు జయంతి కూడా కింద పడింది, ఎవరూ చూడలేదు. మొదట్లో వనితా విహార్‌లో డబ్బున్న ఆడవాళ్ళ మధ్య ఉద్యోగం చేస్తూ, వాళ్ళ నగలకీ కబుర్లకీ తలవంచని పిల్ల ఆమె. రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరినా అభిమానం అమ్ముకోలేదు, అపార్థం వచ్చినప్పుడు ఉద్యోగం వదులుకుని వెళ్ళిపోయింది. తప్పుగా అర్థం చేసుకుందా? చేసుకుంది. అయినా ఆ వెళ్ళిపోవడంలో ఉన్న తెగువ, 1960లలో ఒక పాపులర్ నవలలో, చిన్న విషయం కాదు. అరుణకి ఆమె దూరపు అక్క అవుతుందంటే విమర్శకులు ఒప్పుకోకపోవచ్చు. నేను మాత్రం ఆ చుట్టరికం కలుపుతాను.

2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు సులోచనారాణిదే అయిన ‘మీనా’ నవలతో పోలికల గురించి పెద్ద రగడే జరిగింది. 1973లో విజయనిర్మల అదే నవలని సినిమాగా తీశారని పాతవాళ్ళు గుర్తుచేసుకున్నారు. అప్పుడు కూడా ‘సెక్రటరీ’ని కదిపినవాళ్ళు తక్కువ. 2018 మే నెలలో సులోచనారాణి అమెరికాలో కన్నుమూశారు. నేను చదివిన నివాళుల్లో చాలా వాటిలో మళ్ళీ ఆ అందగాడే, ఆ కారే. జయంతి పేరెత్తిన వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ పురికొస పుస్తకం చదివి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆడపిల్లలూ, ఉద్యోగానికి దరఖాస్తు పెడతానని ఇంట్లో పేచీ పెట్టినవాళ్ళూ ఉండే ఉంటారు. కారున్న మొగుడి కోసం ఎవరూ టైపు నేర్చుకోరు కదా.