మోకాలి గుజ్జు, కలకత్తా కత్తి

మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పికి ఆ మధ్య ఒక తైలం కొన్నది. రోజూ రాస్తే అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందట. సీసా మీద ఒక మహర్షి బొమ్మ. సుశ్రుతుడే అనుకుంటాను. పాపం, ఆయన్ని ఇందులోకి లాగకూడదు! ఆయన పేరున ఉన్న గ్రంథం శవాన్ని నీళ్ళలో నానబెట్టి, పొరపొరగా విడదీసి, కళ్ళారా చూసి నేర్చుకోమంటుంది. తర్వాతివాళ్ళు శ్లోకాలు వల్లె వేశారు, చూడటం మానేశారు. శవాన్ని ముట్టుకుంటే మైల కదా!

ఆ మైలను కలకత్తాలో వైద్య కులంలో పుట్టిన పండితుడే దాటాడు. అక్కడ 1835లో మెడికల్ కాలేజీ పెట్టారు. సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పిన మధుసూదన్ గుప్తా 1836లో ఆ కాలేజీలో స్వయంగా కత్తి పట్టి శవాన్ని కోశాడు. కులం నుంచి వెలివేసే రోజులవి. కాలేజీ స్ట్రీట్‌కు పాత పుస్తకాల కోసం వెళ్ళేవాళ్ళు ఆ కాలేజీని కూడా ఒకసారి చూసి రండి.

కోసి చూస్తే ఏం తెలుస్తుంది? కీలు సంగతే తీసుకోండి. దెబ్బతిన్న మృదులాస్థి ఒకసారి పోతే తిరిగి రాదని విలియం హంటర్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో 1743లోనే రాశాడు. మనం గుజ్జు అంటున్నది నిజానికి గుజ్జు కాదు, ఎముకల చివర్లను కప్పే నున్నటి గట్టి పొర. అందులో రక్తనాళాలు లేవు. గాయం పైపైన ఉంటే మానదు. కింది ఎముక దాకా దిగితే రక్తం, మజ్జ కణాలు పైకి వచ్చి గుంటను పూడుస్తాయి. అయితే పూడేది పాత పొరతో కాదు, మచ్చలాంటి నార కణజాలంతో. దానికి బరువు మోసే సత్తువ తక్కువ, త్వరగా పీచులు లేస్తుంది. బ్రిస్టల్ సర్జన్ ప్రిడీ అరిగినచోట ఎముకకు రంధ్రాలు పొడిచే పద్ధతిని 1959లో ప్రకటించాడు. దానివల్ల కూడా పెరిగేది ప్రధానంగా ఈ అతుకే!

అక్కడితో ఆగదు. వాపు పదేపదే వస్తుంటే కీలు లోపలి పొర, దాని చుట్టూ ఉన్న సంచి కూడా మచ్చకట్టి మందమవుతాయి. మోకాలు పూర్తిగా ముడవలేకపోవడంలో దీని పాత్ర చాలా ఉంది. అంటే మోకాలు అరగడం ఒక్కటే కాదు జబ్బు. మానబోయి మచ్చపడటం కూడా జబ్బులో భాగమే. చర్మం మీద రాసిన నూనె ఆ మచ్చను పాత పొరగా మార్చలేదు.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను.

"రుద్దితే హాయిగా ఉందిరా" అంది.

"రుద్దితే ఏ నూనెకైనా హాయిగానే ఉంటుంది. గుజ్జు పెరిగిందని ఎలా తెలిసింది?" అన్నాను.

"సీసా మీద రాశారుగా!"